పరుగు ముగిసిన పిమ్మట

పరుగుపందెములఁ గూర్చి ప్రసంగించువారు సాధారణముగా గెలిచినవానినే కొనియాడుదురు. గమ్యము చేరిన మఱునాఁడు వాని పిక్క లేమయ్యెనో యడుగువారు లేరు. నేఁడు నే నా పిక్కలను గూర్చియే విన్నవించెదను.

మారథాను పరుగు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908వ సంవత్సరమున లండను ఒలింపిక్కు క్రీడలలో నీ కొలత పుట్టి, 1921లో స్థిరపడినది. ఆ లండను పందెమున ఇటలీ దేశస్థుఁడు డొరాండో పియెట్రి క్రీడాంగణముఁ జొచ్చి, త్రోవ తప్పి, పలుమాఱులు కూలఁబడి, అన్యులు లేవనెత్తఁగా గీఁత దాఁటెను. ఆ సాయము కారణముగా బహుమాన మాతనికి దక్కలేదు. మఱునాఁడు అలెగ్జాండ్రా రాణి యాతనికి బంగారు పూఁతగల వెండి పాత్ర నొసఁగెను. లోకము పాత్రను జ్ఞాపక ముంచుకొన్నది. కాళ్ల నెవరు విచారించిరి?

నా మేనల్లుఁ డొకఁడు హైదరాబాదు మారథానులోఁ బరుగెత్తెను. ఆ నగరపు వంతెనల యెక్కుదిగుడు లెఱిఁగినవారికిఁ జెప్పనక్కఱలేదు. మూఁడవనాఁడు మాయింటి మెట్లను గోడ పట్టుకొని, వెనుకకుఁ దిరిగి, పసివానివలె నొక్కొక్కటిగా దిగుచు, "మామయ్యా, ఎక్కునపుడు లేని బాధ దిగునపు డేల?" యని యడిగెను. మంచి ప్రశ్న. దిగునపుడు తొడకండరము సాగుచునే దేహభారమును నిలుపవలయును. సాగుచు బిగియుటచేత దాని సూక్ష్మతంతువు లచ్చటచ్చటఁ జినుఁగును. ఆ నొప్పి వెంటనే రాదు. ఒకదినము గడచి మొదలై, రెండు మూఁడు దినములకుఁ బెచ్చుపెరిగి, వారములోఁ దగ్గును. లాక్టిక్ ఆమ్లము కండరములలో నిలిచిపోవుటయే హేతువని వ్యాయామశాలలలో నేఁటికిని జెప్పుదురు. అది సరికాదు. ఆ యామ్లము గంట, రెండు గంటలలోనే తొలఁగిపోవును. మూఁడవనాఁటి నేరమును దానిపై మోపుట, మొన్ననే ఊరు విడిచిపోయినవానిపై నేఁటి దొంగతనము మోపుటయే.

ఇట్టి నొప్పికి నిద్ర, పప్పన్నము, పెరుగు, మెల్లని నడక చాలును. నూనెమర్దన ముపకరించును గాని, మల్లునివలెఁ బిసుకరాదు. మంచుగడ్డల మాట వేఱు. 1978లో మిర్కిన్ అను అమెరికా వైద్యుఁడు విశ్రాంతి, మంచు, కట్టు, కాలెత్తి యుంచుట యను నాలుగింటి నుపదేశించెను. పెక్కేండ్ల పిదప నాతఁడే, మంచు గాయము మానుటను జాగుచేయవచ్చునని సవరించెను. సూత్రకారుఁడు తన సూత్రమునకుఁ దానే వార్తికము వ్రాయుట నావంటివాని కెంతయుఁ బ్రీతికరము. నొప్పి చంపు మాత్రలు మాత్రము పరుగునాఁడు మ్రింగరాదు. ఒడలు నీరెండియున్న వేళ నవి మూత్రపిండములకుఁ గీడు చేయవచ్చును.

భయపడవలసిన గుఱుతులు వేఱే కలవు. మూత్రము కషాయపు రంగున నున్నచోఁ గండరములు కరఁగి మూత్రపిండములపైఁ బడుచున్నవేమో యని శంకింపవలయును. ఒక్క పిక్క మాత్రమే వాచి వేఁడిగా నున్నచో రక్తము గడ్డకట్టియుండవచ్చును. ఈ రెంటికిని ఆనాఁడే వైద్యునిఁ జూడవలయును. ఎముకమీఁద వ్రేలితోఁ జూపఁదగిన యొక్కచోట నొప్పియుండి, నడచినకొలఁది హెచ్చినచో, ఎముక సన్నగా బీటవారియుండవచ్చును.

మా మేనల్లుని యెడమకాలి ముంగాలియెముకపై నట్టి చోటొకటి యుండెను. వాఁడో, మూఁడు వారములకే మఱియొక పందెమునకు రుసుము చెల్లించియున్నాఁడు! వ్యాయామము శక్తిలో సగమువఱకే చేయఁదగునని సుశ్రుతుఁడు చెప్పినమాట వినిపించితిని. "సగము శక్తితో మారథాను ముగియునా మామయ్యా?" యనెను. ముగియదు, ఆ మాట నేనును ఒప్పుకొంటిని. ఒప్పుకొని, వానిని వైద్యునియొద్దకుఁ దీసికొనిపోయితిని. ఎక్సురే పటమున నేమియుఁ గానరాలేదు. తొలిదినములలో నది సహజమని చెప్పి, వైద్యుఁడు ఎమ్మారై తీయించెను. బీట స్పష్టముగాఁ గానవచ్చెను. ఆఱు వారములు పరుగు నిషిద్ధము. అట్లే పరుగెత్తియున్నచో నెముక పూర్తిగా విఱిగెడిదట.

వాఁడు రెండుదినములు మాతో మాటాడలేదు. మా యక్కగారు మాత్రము నాకు జంతికలు పంపిరి. ఇపుడు నాలవ వారము. ఉదయమున నీఁతకొలనికిఁ బోవుచున్నాఁడు, మెట్లు ముందుకుఁ దిరిగియే దిగుచున్నాఁడు. పందెపు రుసుము తిరిగి రాలేదు.