ఆటల పార్కు ప్రయాణం: ముందు ఇంట్లో టేపు తీయండి



బడులకు సెలవులు ఇవ్వబోతున్నారంటే చాలు, పిల్లలున్న ఇళ్ళలో ఒకటే మాట మొదలవుతుంది. ఎదురింటివాళ్ళు బెంగుళూరు వెళ్ళి నీళ్ళలో ఆడి వచ్చారు, మనమెప్పుడు వెళ్తామని పిల్లలు అడుగుతారు. తండ్రి చీటీపాట డబ్బు వచ్చాక చూద్దామంటాడు. తల్లి ఏమీ అనదు. ఆమె ఎందుకు ఏమీ అనదో కాసేపట్లో చెబుతాను. చిన్నపిల్లలున్న కుటుంబం ఇలాంటి పార్కుకు వెళ్ళాలనుకుంటే ఏది ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి అన్నది ఈ పూట మనం మాట్లాడుకోబోయే విషయం.

థీమ్ పార్క్ అన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. ఉత్త ఆటల పార్కుకూ దీనికీ కొంచెం తేడా ఉంది. రంగులరాట్నం, జెయింట్ వీల్, జారుడుబల్ల ఒకచోట చేర్చిపెడితే అది ఆటల పార్కు. వాటిని ఒక కథ చుట్టూ అల్లి, లోపలికి అడుగుపెట్టినవారికి వేరే లోకంలోకి వచ్చామన్న భావం కలిగిస్తే అది థీమ్ పార్క్. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న డిస్నీల్యాండ్ తెరిచాడు. ఆ ఆలోచన తనకు ఎలా వచ్చిందో ఆయనే తరువాత చెప్పాడు. కూతుళ్ళను లాస్ ఏంజిల్స్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్ళేవాడట. వాళ్ళు రంగులరాట్నం మీద తిరుగుతుంటే, తాను బల్లమీద కూర్చుని వేరుశనగలు తింటూ కాలం గడిపేవాడట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటొకటి ఉండకూడదా అని అప్పుడు అనిపించిందట. ఈ కలిసి అన్న మాటను కొంచెం గుర్తు పెట్టుకోండి. టికెట్ కొనేటప్పుడు దానితో పని పడుతుంది.

మన సరిహద్దు జిల్లాలవారికి ఇదివరకు ఇవన్నీ దూరాభారం. ఇప్పుడు అలా కాదు. బెంగుళూరు-మైసూరు దారిలో బిడదికి దగ్గర వండర్లా 2005లో వచ్చింది. హైదరాబాదు రింగురోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో వచ్చింది. భువనేశ్వర్‌కు ఈవల ఖుర్దా జిల్లాలో 2024లో ఒకటి తెరిచారు. మద్రాసు దక్షిణాన తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో మరొకటి వచ్చింది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉన్నదే. మహారాష్ట్రలో ముంబయి-పూనా ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ఖోపోలీ దగ్గర ఇమాజికా 2013లో మొదలైంది. బరంపురం వారికి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. రాయచూరు వారికి హైదరాబాదే దగ్గర. షోలాపురం వారికి హైదరాబాదు, ఖోపోలీ రెండూ ఇంచుమించు ఒకే దూరం. కోలారు, ముళబాగిలు వారు మాత్రం ఒక సంగతి గమనించాలి. పటం మీద బెంగుళూరు పక్కనే కనిపిస్తుంది గాని, బిడది ఉన్నది ఊరికి అవతలి కొస. తెల్లవారుజామున బయలుదేరినా బెంగుళూరు ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికే పొద్దెక్కుతుంది.

దగ్గర ఏదో తెలిసింది కదా, ఇక టికెట్లు కొనేద్దామా? ఆగండి. ముందు బట్టలు కుట్టే టేపు ఒకటి తీయండి. పిల్లలను గోడకు నిలబెట్టి, చెప్పులు విప్పించి, తలమీద అట్ట ఆనించి పెన్సిలుతో గీత పెట్టండి. అంగుళాల్లో కాదు, సెంటీమీటర్లలో కొలవండి.

ఎందుకంటే ఈ పార్కుల్లో వయసు ఎవరూ అడగరు, ఎత్తు చూస్తారు. వండర్లా సంగతే తీసుకోండి. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్ లేదు. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్. ఆపైన ఉంటే, నాలుగో తరగతి చదివే పిల్లయినా సరే, పెద్దల టికెట్టే. లోపలికి వెళ్ళాక ప్రతి రైడ్ ముందూ ఒక గీత ఉంటుంది. గుండెలు జారిపోయే పెద్ద పెద్ద రోలర్ కోస్టర్ల వద్ద ఆ గీత చాలావరకు 140 దగ్గర ఉంటుంది. ఇది మొండితనం కాదు. కూర్చున్నవారిని పట్టి ఉంచే కడ్డీ పెద్దవారి భుజాలకూ తొడలకూ సరిపోయేలా చేసింది. చిన్నపిల్లలు కూర్చుంటే కడ్డీకీ వంటికీ మధ్య సందు మిగులుతుంది, బండి తిరగబడినప్పుడు ఆ సందులోంచే జారతారు. కాబట్టి గేటు దగ్గర కుర్రవాణ్ణి బతిమాలవద్దు, మునివేళ్ళ మీద నిలబెట్టవద్దు, జుట్టు పైకి దువ్వవద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం మూడేళ్ళ బిడ్డ సగటున 95, అయిదేళ్ళకు 110, ఏడేళ్ళకు 121, పదేళ్ళకు 138 సెంటీమీటర్లు ఉంటారు. మన పిల్లల్లో చాలామంది ఇంతకు ఒకటి రెండు వేళ్ళు తక్కువే ఉంటారు. అంటే గోడ మీద పోస్టర్లలో, టీవీ ప్రకటనల్లో మీ పిల్లలు చూసి మురిసిన ఆ పెద్ద రైడ్, పదేళ్ళు దాటేదాకా వారికి లేదన్నమాట. అది చూసి ఊరించి తీసుకెళ్తే గేటు దగ్గర ఏడుపు తప్పదు. "నాయనా, నన్నెందుకు ఎక్కనివ్వరు?" అని ఏడేళ్ళవాడు అడిగితే, వెయ్యి రూపాయలు దాటిన టికెట్ చేతిలో పట్టుకుని ఏం చెబుతారు? ఇంటి గోడ దగ్గరే చెప్పండి, "నువ్వు ఇంత ఉన్నావు, అది ఇంత ఉండాలి" అని. పిల్లలు కొలతను ఒప్పుకుంటారు. వారు ఒప్పుకోనిది మాట తప్పడం.

ఇక తల్లి విషయానికి వస్తాను. ఎనిమిదేళ్ళ పిల్లవాడు, మూడేళ్ళ పాప ఉన్న ఇల్లు అనుకుందాం. అవ్వ కూడా వెంట వచ్చింది. పార్కులో ఏం జరుగుతుంది? తండ్రీ కొడుకూ ఒక రైడ్ క్యూలో నిలబడతారు. తల్లి పాపను చంకనెత్తుకుని, నలుగురి చెప్పులూ సెల్‌ఫోన్లూ సంచిలో వేసుకుని రెయిలింగ్ పక్కన నిలబడుతుంది. వాళ్ళు దిగివచ్చాక ఇంకో క్యూ. ఆమె ఇంకో రెయిలింగ్. పొద్దు గూకేసరికి తల్లి ఎక్కింది ఏమీ లేదు, కాని ఆమెకూ పూర్తి టికెట్టే కొన్నారు. అందుకే సెలవుల మాట ఎత్తగానే ఆమె ఏమీ అనలేదు. డిస్నీ వేరుశనగలు తింటూ విసుగుపడ్డ ఆ బల్లమీదికే మనం ఇంటి ఇల్లాలిని మళ్ళీ పంపిస్తున్నాం. ఆయనకైనా కూర్చోవడానికి బల్ల ఉండేది.

అందుచేత నేనైతే పార్కును ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డను బట్టి ఎంచుకోమంటాను. ఆ పార్కుకు ముందే ఫోను చేసి అడగండి. మా పాప ఇన్ని సెంటీమీటర్లు, పెద్దవాళ్ళు పక్కన కూర్చుంటే ఎన్ని రైడ్లు ఎక్కవచ్చు అని. జవాబులో ఎనిమిది పది పేర్లు వస్తే వెళ్ళండి. రెండు మూడే వస్తే, ఆ పార్కు ఎంత గొప్పదైనా మీ ఇంటికి ఈ ఏడాది పనికిరాదు. పెద్దవాడికి పెద్ద రైడ్లు కావాలంటే తల్లిదండ్రులు వంతులు వేసుకోవాలి. ఒకసారి తండ్రి, ఒకసారి తల్లి. ఇది కూడా బయలుదేరే ముందే తేల్చుకోవలసిన విషయం.

పిల్లలందరూ నాలుగేళ్ళలోపు వారే అయితే నా మాట వినండి, పెద్ద పార్కు జోలికి పోవద్దు. ఆ వయసు బిడ్డకు బరంపురం ఠాకురాణి యాత్రలో తిరిగే రంగులరాట్నానికీ, కోట్లు పోసి కట్టిన రాట్నానికీ తేడా తెలియదు. ఏనుగును చూపిస్తే చాలు, ఇంటికి వచ్చి నెలరోజులు దాని గురించే చెబుతారు. 1892 నాటి మైసూరు జంతుప్రదర్శనశాల ఉంది. హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జూ ఉంది. భువనేశ్వర్‌లో 1960 నుంచి నందన్‌కానన్ ఉంది. మద్రాసు దగ్గర వండలూరు ఉంది. యానాం వారికి విశాఖపట్నం జూ, సముద్రం ఉన్నాయి. నలుగురి టికెట్టూ కలిపినా అక్కడ ఒక్కరి టికెట్టంత కాదు. మిగిలిన డబ్బు నాలుగేళ్ళు ఆగి, పిల్లవాడు 120 దాటాక వాడండి.

ముసలివాళ్ళు కూడా ఉంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఆలోచించవచ్చు. అక్కడ చాలాభాగం బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు. రాజభవనాలు, రైల్వే స్టేషను, దేవాలయాలు, మనం సినిమాల్లో చూసిన సెట్లన్నీ తెలుగువారికి చుట్టాల్లా కనిపిస్తాయి. తాతకూ అవ్వకూ అది పండగే. మూడేళ్ళ బిడ్డకు సెట్ల మీద మోజు ఉండదు గాని బస్సు మీద ఉంటుంది. ఇమాజికాలో అలీబాబా నలభై దొంగల కథతో చేసిన రైడ్ వంటివి ఉన్నాయి. అది నిజమైన థీమ్ పార్క్ పద్ధతి. కాని అక్కడా ఇక్కడా చీకటి గదుల్లో దయ్యాల కొంపలు కూడా ఉంటాయి. అయిదేళ్ళలోపు పిల్లలను అందులోకి తీసుకెళితే రాత్రి నిద్రలో ఉలిక్కిపడతారు. దానికి ఎత్తు గీత అడ్డం రాకపోయినా మీరే అడ్డం పెట్టండి.

నీళ్ళ ఆటల గురించి రెండు మాటలు. నూలుబట్టలతో కొలనులోకి రానివ్వరు. నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలు ఉండాలి. అక్కడ కొంటే ఖరీదు ఎక్కువ, కొలత దొరకదు. మీ ఊరి సంతలోనే ముందుగా కొనుక్కోండి. చీరతో వచ్చిన అవ్వ నీళ్ళలో దిగడానికి వీలుపడదు, ఆ మాట ఆమెకు బయలుదేరకముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, అలల కొలనులో బిడ్డ మీ చెయ్యి చాచినంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయే పసిబిడ్డ సినిమాలోలాగా చేతులు ఊపుతూ కేకలు వేయడు. చప్పుడు లేకుండా మునుగుతాడు, అదీ ఒకటి రెండు నిమిషాల్లోనే. ఈల పట్టుకుని కాపలా మనిషి ఉన్నాడు కదా అని ఫోటోలు తీసుకుంటూ ఉండకండి. ఆయన వందమందిని చూడాలి. మీరు ఒక్కరిని చూస్తే చాలు.

రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున్నే దిగి, నేరుగా పార్కుకు పోయే పద్ధతి చిన్నపిల్లలతో పనికిరాదు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా నిద్ర ముంచుకొచ్చి, కొన్న టికెట్‌లో సగం నిద్రకే పోతుంది. ముందురోజు సాయంత్రం చేరి పడుకోండి. శని ఆదివారాలు, పండగ సెలవులు వదిలేయండి. ఒక్కో క్యూలో ముప్పావు గంట నిలబడితే రోజంతా కలిపి ఎనిమిది రైడ్లు కూడా దక్కవు. బయటి తిండి లోపలికి రానివ్వని పార్కులే ఎక్కువ, పసిబిడ్డ పాలు అన్నం తప్ప. పులిహోర, పెరుగన్నం బయటే చెట్టు కింద తినేసి లోపలికి పోవడం మంచిది.

చివరిగా మన సరిహద్దువాళ్ళకే ప్రత్యేకమైన సంగతి ఒకటి. బడికి పోయే మన పిల్లలు ఇంట్లో తెలుగు, బయట కన్నడమో తమిళమో ఒడియానో గడగడా మాట్లాడతారు. చాలాచోట్ల అమ్మానాన్నల తరఫున వాళ్ళే మాట్లాడతారు. కాని ఇంకా బడి ముఖం చూడని మూడేళ్ళ బిడ్డకు వచ్చింది ఇంటి తెలుగొక్కటే. వేలమంది జనంలో చెయ్యి వదిలితే, "మీ అమ్మ పేరేమిటి" అని వేరే భాషలో అడిగినవారికి ఆ బిడ్డ ఏం చెబుతుంది? తెలుగులో అడిగినా "అమ్మ" అంటుంది. కాబట్టి అమ్మ పేరు, నాన్న పేరు, ఊరి పేరు నేర్పండి. చేతిమీద పెన్నుతో రాసిన ఫోను నంబరు నీళ్ళలో చెరిగిపోతుంది. చొక్కా లోపల చెరగని సిరాతో రాయండి. తప్పిపోతే పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడమనండి, మెడలో కార్డు వేసుకున్న పార్కు మనిషిని చూపించి ఇలాంటివారికే చెప్పాలని లోపలికి వెళ్ళగానే నేర్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది. ఇంకా, వెళ్ళే ఊరి భాషలో ఒక్క ముక్క నేర్పండి. బిడదికి అయితే "నమ్మ అమ్మ కాణిస్తా ఇల్ల", తిరుప్పోరూరుకు అయితే "ఎంగ అమ్మావ కాణోం". ప్రయాణంలో పాటలా నాలుగైదు సార్లు పలికించండి. పక్కన కూర్చున్న అన్నకో అక్కకో ఆ భాష వచ్చు కదా, ఉచ్చారణ వాళ్ళే దిద్దుతారు.