ప్రకటనల వృత్తిలో ఒక హైదరాబాదు యువకుడు
(పాతబస్తీ యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగము)



"మన బిడ్డలు - వృత్తులు" అనే అంశముపై మాట్లాడమని నన్ను కోరారు. ముందుగా నా పొరపాటు ఒకటి ఒప్పుకొని ప్రారంభిస్తాను.

సుమారు పదిహేను సంవత్సరాల క్రితము, నేను సేవలో కొత్తగా ఉన్నప్పుడు, పాతబస్తీ యువకుడొకడు నా యొద్దకు వచ్చాడు. క్రిస్మస్‌కు గుడి ముందు కట్టే బ్యానర్లన్నీ అతడే వ్రాసేవాడు. ఛత్తా బజారులో శుభలేఖలకు అక్షరాలు దిద్దే ఉర్దూ కాతిబుల ప్రక్కన గంటల తరబడి నిలబడి, కలము పట్టే తీరు నేర్చుకున్నవాడు. "అయ్యగారూ, ప్రకటనల కంపెనీలో చేరాలని ఉంది. నాన్న ఒప్పుకోవడము లేదు. మీరు ఒక్క మాట చెప్పండి" అన్నాడు. నేను చెప్పాను గాని, తండ్రితో కాదు, అతనితోనే చెప్పాను. "బొమ్మలు కూడు పెట్టవు నాయనా, గుమాస్తా పరీక్షకు కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఉద్యోగము వచ్చింది. కుంచె మాత్రము మళ్ళీ పట్టలేదు.

ఆ మాట ఎంత తెలియక అన్నానో, మన నగరములోనే పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగళ్‌గారి జీవితమును గూర్చి చదివినప్పుడు నాకు తెలిసివచ్చింది.

ఆయన 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించారు. తండ్రి ఫోటోగ్రాఫరు. పన్నెండేండ్ల వయస్సులో తండ్రి కెమెరాతోనే ఒక చిన్న చిత్రము తీశారు. నిజాం కళాశాలలో చదివినది అర్థశాస్త్రము. మనసంతా సినిమా మీద. ఇక్కడ హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని స్థాపించినదీ ఆయనే. అయితే 1959లో బొంబాయిలో ఆయనకు దొరికిన పని సినిమాలో కాదు. లీవర్ సబ్బుల కంపెనీవారి ప్రకటనల కొరకు పుట్టిన లింటాస్ సంస్థలో కాపీరైటర్ పని, అనగా ప్రకటనలకు మాటలు వ్రాసే పని.

సబ్బును గూర్చి వ్రాయడము చిన్నతనమని ఆయన అనుకొని ఉంటే కథ అక్కడితో ముగిసేది. ప్రకటన చిత్రము నిడివి ఒక నిమిషమో, అర నిమిషమో. ఆ కాస్త వ్యవధిలోనే చూచేవానికి సంగతి తెలియాలి, గుర్తుండాలి. అది గొప్ప శిక్షణ. ఆయన తీసిన ప్రకటనలు, డాక్యుమెంటరీలు కలిపి తొమ్మిది వందలకు పైనే అంటారు.

కళాశాల రోజులలో మనసులో పడిన 'అంకుర్' కథకు పెట్టుబడి దొరకక పదేండ్లకు పైగా వేచి ఉన్నారు. చివరకు డబ్బు పెట్టినది ఎవరో తెలుసునా? ప్రకటన చిత్రాలను సినిమా హాళ్ళకు అందించే బ్లేజ్ సంస్థవారు! 1974లో విడుదలైన ఆ చిత్రములో వినబడేది మన వీధులలోని దక్కనీ మాటే. 1976లో 'మంథన్' తీసినప్పుడు గుజరాతులోని ఐదు లక్షలమంది పాడి రైతులు తలకు రెండు రూపాయల చొప్పున ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరు 23న మరణించారు.

తండ్రులారా, మీ భయము వట్టిది కాదు. కంప్యూటర్లు వచ్చాక ఛత్తా బజారు కాతిబులకు పని ఎంత తగ్గిపోయిందో మీరు కండ్లారా చూచారు. అందరూ బెనెగళ్‌లు కారు. అయితే అక్షరము ఎక్కడ నిలపాలో ఎరిగిన కన్నుకు యంత్రము మీదను పని ఉన్నది. బిడ్డకు అట్టి కన్ను ఉన్నదా లేదా అని ముందు చూడండి. వద్దనే మాట తరువాత.

యౌవనస్థులారా, మీకును ఒక మాట. ఈ వృత్తిలో అబద్ధమునకు మంచి ధర పలుకుతుంది. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు పోతాయని ప్రకటించరాదని 1954లోనే చట్టము వచ్చింది. ప్రకటనలలో నిజాయితీ కొరకు ఆ వృత్తివారే 1985లో ఒక మండలిని ఏర్పరచుకున్నారు. అయినను మన గోడల నిండా ఏమి వ్రాసి ఉన్నదో చూస్తూనే ఉన్నారు. స్వస్థత కూటముల పేరిట మనము అంటించే కరపత్రాలను కూడ ఈ కొలతతోనే చూచుకోవాలి. మీ ఇంట్లో వాడనివ్వని వస్తువును ఇతరులకు మంచిదని వ్రాయకండి.

మొన్న ఆ గుమాస్తాను కలిసి, నన్ను క్షమించుమని అడిగాను. అతడు నవ్వి, "పోనివ్వండి అయ్యగారూ. మా అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. ఇప్పుడు ఏమంటారు?" అన్నాడు.

"ముందు ఆ బొమ్మలు చూపించమను" అన్నాను. వచ్చే ఆదివారము తీసుకొని వస్తానన్నది. అందరూ వచ్చి చూడండి.

సెలవు.