లిల్లీ అంటే ఏ లిల్లీ?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పెరటి పూల మొక్కల గురించి చెప్పమన్నారు. అన్నీ చెప్తే మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోతాయి. అందుకని ఒక్కటే చెప్తాను. శివరాత్రి దాటాక లావుపాటి కాడ ఒకటి నేలలోంచి లేచి, దాని తలమీద మైకు గొట్టాల్లాంటి పెద్ద పూలు రెండో నాలుగో పూస్తాయి చూడండి, అది. మన ఇళ్ళల్లో ఎర్ర లిల్లీ అంటాం, నర్సరీల్లో అమరిల్లిస్ అంటారు.

దీని గురించే ఎందుకంటే, మనవాళ్ళు చాలామంది ఈ దుంపలు కొంటున్నారు, కొందరు అమ్ముతున్నారు కూడా. మా గ్రూపు చెల్లెలు ఒకామె పొదుపులోంచి అప్పు తీసుకుని, బండి మీద మొక్కలు తెచ్చినతని దగ్గర ముద్ద అమరిల్లిస్ అని ఎనిమిది దుంపలు కొంది. ఒక్కోటి 150 రూపాయలు. రెండేళ్ళు నీళ్ళు పోసింది. తీరా పూస్తే తెల్లగా, సాలీడు కాళ్ళలా సన్నటి రేకులతో స్పైడర్ లిల్లీ. అది ఏ స్కూలు గోడ పక్కన చూసినా ఉంటుంది. అప్పు వాయిదాలు మాత్రం ఆమే కట్టింది. ఇక బండి అతనా, మళ్ళీ మా వీధికి రాలేదు.

అసలు చిక్కంతా పేరులోనే ఉందండి. కడియం వైపు పూల మార్కెట్లో కిలోల లెక్కన తూచే లిల్లీ వేరు. అది దండల్లోకి వాడే నేలసంపెంగ. దాని ఆకు గడ్డిలా సన్నగా ఉంటుంది, దుంపలు చిన్నవి, గుత్తిగా ఉంటాయి. వాన పడ్డ రెండు మూడు రోజులకి గులాబీ రంగులోనో తెల్లగానో కాడకి ఒక్క పువ్వు పూసేది వాన లిల్లీ. మే నెలలో ఎర్ర బంతిలా గుండ్రంగా పూసేదాన్ని మే ఫ్లవర్ అంటాం. విషముంగలి అని చెరువు గట్ల మీద పెద్ద పెద్ద ఆకులతో ఉంటుంది, దాని దుంపకి మెడ పొడుగు. ఇవన్నీ "లిల్లీయే అమ్మా" అని అమ్మేస్తారు.

మన అమరిల్లిస్‌ని గుర్తుపట్టడానికి మూడు చూడండి. ఆకులు పట్టీల్లా ఉండి, అటో వరస ఇటో వరస, విసనకర్రలా ఎదురెదురుగా వస్తాయి. పూల కాడ కోస్తే లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది. స్పైడర్ లిల్లీ కాడా, విషముంగలి కాడా లోపల గట్టిగా నిండుగా ఉంటాయి. మూడోది గింజ. అమరిల్లిస్ గింజలు నల్లగా, కాగితం ముక్కల్లా పలచగా ఉంటాయి. విషముంగలివి పచ్చటి గోలీల్లా లావుగా ఉంటాయి. ఉత్త దుంప మాత్రం ఎవరికైనా కష్టమే. స్పైడర్ లిల్లీ దుంపా ఇదీ పక్కపక్కన పెడితే రెండూ ఉల్లిపాయల్లాగే ఉంటాయి. అందుకని తెలియని మనిషి దగ్గర కొనేటప్పుడు పూత మీద ఉన్నదే కొనండి.

శిక్షణలో ఒక వింత చెప్పారు. పుస్తకాల ప్రకారం మన పెరట్లోది అసలు అమరిల్లిస్ కాదట! దీని పేరు హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది, దాని కాడ బోలుగా ఉండదు. ఈ పేరు తగువు 1987 దాకా నడిచిందట. అంగట్లో అందరూ అమరిల్లిస్ అనే అంటున్నారు కాబట్టి మనమూ అలాగే అందాం.

ఇందులో మళ్ళీ రకాలు. నారింజ రంగు, గొంతు దగ్గర లేత రంగు ఉండేది పాత నాటు రకం. అమ్మమ్మల కాలం నుంచి బావి గట్టున పడి ఉండేది. మొండిది, పిలకలు బాగా పెడుతుంది. ఎరుపు మీద ప్రతి రేకు మధ్యలో తెల్ల గీత ఉండేది జాన్సన్ రకం. ఇంగ్లండులో గడియారాలు చేసే జాన్సన్ అనే ఆయన 1799లో రెండు రకాలు కలిపి పుట్టించాడు. ఈ జాతిలో మొదటి సంకరం అదేనట. ఆకు మధ్యలోనే తెల్ల చార ఉంటే అది ఇంకో రకం, పూత లేకపోయినా పోల్చుకోవచ్చు. ఇక అట్టపెట్టెల్లో వచ్చే హాలెండు దుంపలు. రెడ్ లయన్ ముదురు ఎరుపు, ఆపిల్ బ్లోసమ్ తెలుపు మీద గులాబీ, ముద్ద రకాలు చాలా ఉన్నాయి. పెట్టె మీద 26/28 అని ఉంటే అది దుంప చుట్టుకొలత, సెంటీమీటర్లలో. టేపు పెట్టి కొలుచుకోండి, మొహమాటం వద్దు.

పెంచడం కష్టమేం కాదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వేశారో, దుంప కుళ్ళుతుంది. కుండీ మరీ పెద్దది వద్దు, దుంప చుట్టూ రెండు వేళ్ళ సందు చాలు. దుంపలో మూడో వంతు మట్టి పైకి కనపడాలి. మన గోదావరి నల్లమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి నేలలో పెట్టేవాళ్ళు జానెడు ఎత్తు గట్టు పోసి దాని మీద పెట్టండి. పొద్దుటి ఎండ తగలాలి, మిట్టమధ్యాహ్నం కాస్త నీడ ఉంటే మంచిది.

పూలు వాడాక పువ్వు వరకే తుంచండి. ఆకులు మాత్రం కోయొద్దు అక్కా! శుభ్రంగా కనపడాలని చాలామంది జుట్టు కత్తిరించినట్టు కోసేస్తారు. వచ్చే ఏడాది పువ్వుకి తిండి దాచేది ఆ ఆకులే. సుమారు నాలుగు ఆకులకి ఒక పూల కాడ లోపల తయారవుతుంది. కార్తీక మాసం నుంచి ఆరు, ఎనిమిది వారాలు నీళ్ళు బాగా తగ్గించండి. మళ్ళీ మొగ్గ ముక్కు కనపడగానే పోయండి.

వానాకాలంలో నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు ఉన్న గొంగళి పురుగులు గుంపుగా వస్తాయి. రెండు రాత్రుల్లో మొక్కంతా నాకేస్తాయి. పొద్దున్నే ఏరి సబ్బునీళ్ళలో వేయండి. ఆకుల మీద, దుంప మీద ఎర్ర మచ్చలు లేస్తే అది తెగులు. ఆ మొక్క వేరుగా పెట్టి, ఆకుల మీద నీళ్ళు పడకుండా మొదట్లో పోయండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. ఈ దుంప విషం. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. మేకలకీ కుక్కలకీ కూడా ప్రమాదమే. తవ్విన దుంపలు ఉల్లిపాయల బుట్ట పక్కన, వంటింటి అటక మీద పెట్టకండి. చూపు ఆనని అత్తగారు కూరలోకి తరిగితే ఎవరిని అనాలి? రసం తగిలితే కొందరికి దురద కూడా వస్తుంది, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

అమ్మేవాళ్ళకి. పిలక తల్లిలాగే పూస్తుంది. గింజ మొక్క అలా కాదు, తల్లి రంగు వస్తుందని నమ్మకం లేదు, పూతకి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కాబట్టి గింజ మొక్కని రకం పేరు పెట్టి అమ్మొద్దు, గింజ మొక్క అనే చెప్పి తక్కువకి ఇవ్వండి. పూత మీద ఉన్నప్పుడే పక్కన పుల్ల గుచ్చి, పెన్సిలుతో రంగు రాసి ఉంచండి. పెన్ను వానకి పోతుంది. సెల్లులో ఒక ఫోటో తీసుకుంటే కొనేవాళ్ళకి చూపించొచ్చు.

మా గ్రూపు దగ్గర ఇప్పుడు నాటు నారింజ, జాన్సన్ రకం పిలకలు ఉన్నాయి. డబ్బులు అక్కర్లేదు, మీ దగ్గర వేరే రంగు ఉంటే మార్పిడికి తెండి. కార్తీకం వెళ్ళాక తవ్వుతాం, అప్పుడు రండి. సంచీ మీరే తెచ్చుకోండి, పేరు రాసిన చీటీ మేం ఇస్తాం.