బాలికల క్రీడావిద్య : గొంగడి త్రిష చరిత్రము
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



బాలికల విద్యాభివృద్ధినిగూర్చి మన సభలు ఏటేట తీర్మానములు గావించుచునే యున్నవి. వానియందు చదువున్నది, సంగీతమున్నది. ఆటస్థలము మాత్రము లేదు. ఈ లోపమును మీ దృష్టికి దెచ్చుటకై యొక తెలుగు బాలిక చరిత్రమును విన్నవించెదను.

కుమారి గొంగడి త్రిష 2005 సంవత్సరము డిసెంబరు 15వ తేదీన జన్మించెను. వారి స్వస్థలము భద్రాచలము. తండ్రిగారచ్చట వ్యాయామశాలను నడుపుచుండిరి. కుమార్తెకు పసితనముననే బ్యాటు చేతికిచ్చి, తగిన శిక్షణ మాయూర లభింపదని గ్రహించి, జీవనాధారమగు నా శాలను విక్రయించి సికింద్రాబాదునకు కాపురము మార్చిరి. ఆ జంటనగరములే పూర్వము మిథాలీరాజును తీర్చిదిద్దినవి. ఆమె 1999లో తన మొదటి యంతర్జాతీయ ఏకదిన పందెముననే 114 పరుగులు చేసి అజేయయై నిలిచెను. ఆ నాళ్లలో స్త్రీల క్రికెట్టునకు ధనబలము లేదు. భారత క్రికెట్టు నియంత్రణమండలి 2006లోగాని దానిని తన పోషణలోనికి దీసికొనలేదు.

2023 జనవరిలో పందొమ్మిదేండ్లలోపు బాలికల తొలి ప్రపంచకప్పు దక్షిణాఫ్రికాలో జరిగెను. తుదిపోరున ఇంగ్లండు 68 పరుగులకే కూలగా మనవారు ఏడు వికెట్ల తేడాతో గెలిచిరి. అందు త్రిష 24 పరుగులు చేసెను. 2024 డిసెంబరులో ఆసియాకప్పు తుదిపోరున బంగ్లాదేశముపై 52 పరుగులు చేసెను.

పిమ్మట 2025లో మలేషియాయందలి రెండవ ప్రపంచకప్పు. జనవరి 28వ తేదీన స్కాట్లండుపై 59 బంతులలో 110 పరుగులు చేసి అజేయయై నిలిచెను. ఆ పోటీల చరిత్రలో నదియే మొదటి శతకము. ఫిబ్రవరి 2వ తేదీన తుదిపోరున తన లెగ్‌స్పిన్ బంతులతో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు గొనెను. దక్షిణాఫ్రికా 82 పరుగులకు ముగిసెను. పిదప బ్యాటు బట్టి తాను 44 పరుగులు చేసి జట్టును గట్టెక్కించెను. మొత్తము పోటీలలో 309 పరుగులు, 7 వికెట్లు సాధించి ఉత్తమ క్రీడాకారిణి బహుమతి నంది, దానిని తండ్రికి అంకితమిచ్చెను.

అనంతరము తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయల పారితోషికము ప్రకటించినది. సంతోషమే. కాని, మహాశయులారా, ఆ ధనము చెట్టు పండిన పిమ్మట వచ్చినది. మొక్కగా నున్ననాడు నీరు పోసినది ఒక్క యిల్లే. ఆ బాలిక గెలువకుండిన నష్టమెవరిది? ఆ యింటివారిది మాత్రమే. ఇట్టి సాహసము చేయజాలని తండ్రుల యిండ్లలో నెందఱు త్రిషలు మఱుగుపడిపోవుచున్నారో!

"ఆటలు అన్నము పెట్టునా?" యని పెద్దలడుగుదురు. అందఱకు బెట్టవు, నిజమే. చదివినవారందఱు కలెక్టర్లగుచున్నారా? అయినను చదివించుచున్నాము. ఆడిన బాలికకు కీర్తి రాకున్నను ఆరోగ్యమును, ధైర్యమును, ఓటమిని సహించు నేర్పును దక్కును.

కుమార్తె పెండ్లికై లక్షలు కూర్చువారము మనము. అందొక పాలు ఆమె ఆటకై వెచ్చింపరాదా? మన విద్యానిధినుండి ఆటస్థలమునకును, శిక్షకుని జీతమునకును, పేదబాలికల ప్రయాణవ్యయమునకును కొంత కేటాయింపుడని దాతలను వేడుచున్నాను. ఒక తండ్రి యొంటిగా మోసిన బరువును సంఘము పంచుకొనుటయే నా ప్రార్థన.