ఐదుగురు ఆడతారు, నాలుగు స్కోర్లే లెక్క: అమెరికా కాలేజ్ గోల్ఫ్ పోస్ట్‌సీజన్ కథ

ఈరోజు ఎపిసోడ్ గోల్ఫ్ గురించి. ఆగండాగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి! నాకు తెలుసు, గోల్ఫ్ అనగానే మనలో చాలామంది "అది మన ఆట కాదులే" అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఈరోజు చెప్పేది పెద్దవాళ్ళ ఆదివారం కాలక్షేపం గురించి కాదు. ఇరవై ఏళ్ళు, ఇరవై రెండేళ్ళ కాలేజీ పిల్లల గురించి. సొంత బ్యాగు భుజాన వేసుకుని మైళ్ళకి మైళ్ళు నడిచే పిల్లల గురించి. అందులో ఒకడు మన తెలుగువాడు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతా. మీరు ఏడాదంతా క్లాస్ ఫస్ట్. సరిగ్గా ఫైనల్ ఎగ్జామ్ ముందు "ఈ ఏడు పరీక్షల్లేవు, అందరూ ఇంటికెళ్ళిపోండి" అన్నారనుకోండి. ఎలా ఉంటుంది? 2020లో ఒక కాలేజ్ గోల్ఫ్ టీమ్‌కి అచ్చం ఇదే జరిగింది. ఆ కథ అర్థం కావాలంటే ముందు ఈ పోస్ట్‌సీజన్ ఎలా నడుస్తుందో తెలియాలి. సింపుల్‌గా చెప్తా.

గోల్ఫ్ ఒంటరి ఆట. నీ బంతి, నీ కర్ర, నీ స్కోరు. అమెరికా కాలేజీల్లో మాత్రం దాన్ని టీమ్ ఆటగా మార్చారు. టీమ్ నుంచి ఐదుగురు దిగుతారు. రోజు చివర్లో ఐదు స్కోర్లలో బాగున్న నాలుగే కలుపుతారు. మిగిలిన ఒకటి తీసేస్తారు. గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవాడే గొప్ప, అది గుర్తుపెట్టుకోండి.

ఉదాహరణ చూద్దాం. కోర్సు పార్ 72, అంటే 18 హోల్స్‌నీ 72 షాట్లలో పూర్తి చేయాలని లెక్క. మనవాళ్ళు 70, 71, 72, 74, 81 కొట్టారు. ఆ 81ని పక్కన పెట్టేస్తారు. మిగతా నాలుగూ కలిపితే 287. నలుగురి పార్ 288. అంటే టీమ్ ఒకటి అండర్ పార్. ఆ 81 కొట్టిన కుర్రాడు ఊపిరి పీల్చుకుంటాడు. అదే రోజు ఇంకొకడు కూడా 80 కొట్టాడనుకోండి, అప్పుడు ఆ 80 లెక్కలోకి వచ్చేస్తుంది. దాచడానికి చోటు ఒక్కరికే. అందుకే టీమ్‌లో స్టార్ ఎంత ముఖ్యమో, నాలుగోవాడూ ఐదోవాడూ అంతే ముఖ్యం. స్టార్ 65 కొట్టినా, కింద ఇద్దరు పడిపోతే టీమ్ పడిపోతుంది.

ఇప్పుడు పోస్ట్‌సీజన్. ఎన్‌సీఏఏ అని అమెరికా కాలేజ్ స్పోర్ట్స్‌ని నడిపే సంస్థ ఉంది. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా టీములు ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడతాయి. తర్వాత మూడు మెట్లు. మొదటిది కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్, అంటే తమ గ్రూపులో ఉన్న కాలేజీల మధ్య పోటీ. అది గెలిస్తే రెండో మెట్టుకి డైరెక్ట్ ఎంట్రీ. గెలవకపోతే ఏడాదంతా ఎలా ఆడారో చూసి కమిటీ పిలవాలి.

రెండో మెట్టు రీజనల్స్. మగపిల్లలకి దేశంలో ఆరు చోట్ల జరుగుతాయి. మూడు రోజులు, 54 హోల్స్. ఒక్కో చోట టాప్ ఐదు టీములే ముందుకి. ఆరో స్థానం వచ్చిందా, బ్యాగులు సర్దుకోవడమే. ఒక్క షాట్ తేడాతో ఏడాది అయిపోవచ్చు.

మూడోది నేషనల్స్. 30 టీములు. మూడు రౌండ్లయ్యాక సగం ఇంటికి, 15 మిగులుతాయి. నాలుగో రౌండ్ అయ్యాక ఎనిమిది. ఆ రోజే వ్యక్తిగత ఛాంపియన్ కూడా తేలిపోతాడు. ఇక్కడి నుంచి ఆట మొత్తం మారిపోతుంది. ఇప్పటిదాకా వేసిన స్కోర్లన్నీ చెరిపేసి మ్యాచ్ ప్లే మొదలుపెడతారు. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, ఒకరికొకరు ఎదురెదురు. ప్రతి హోల్ ఒక చిన్న పోటీ. ఒక హోల్లో తొమ్మిది షాట్లు కొట్టినా పోయేది ఆ ఒక్క హోలే, తర్వాతి హోల్లో మళ్ళీ కొత్తగా మొదలు. ఐదు మ్యాచుల్లో ఏ టీమ్ ముందు మూడు గెలిస్తే అదే విన్నర్.

మన భాషలో చెప్పాలంటే, నాలుగు రోజులు రంజీ మ్యాచ్ ఆడించి, ఆ తర్వాత ఐపీఎల్ ప్లేఆఫ్స్ పెట్టినట్టు! మగపిల్లలకి ఈ పద్ధతి 2009లో మొదలైంది, ఆడపిల్లలకి 2015లో. మొదటి ఏడే దెబ్బ ఎలా తగిలిందంటే, 2009లో మూడు రౌండ్ల తర్వాత టాప్‌లో ఉన్న ఓక్లహోమా స్టేట్ క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయింది. కప్పు టెక్సాస్ ఏ అండ్ ఎం ఎత్తుకెళ్ళింది. "ఇది న్యాయమా?" అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇంకో లెక్క చెప్తా. నేషనల్స్‌లో నాలుగు రౌండ్లంటే 72 హోల్స్. మ్యాచులు పూర్తిగా సాగితే ఇంకో 54. క్వార్టర్స్, సెమీస్ రెండూ ఒకే రోజు. ఆరు రోజుల్లో 126 హోల్స్ దాకా. చాలామందికి క్యాడీ ఉండడు. బ్యాగు మోసుకుంటూనో, చిన్న బండి మీద తోసుకుంటూనో నడవాలి. 2021 నుంచి మూడేళ్ళు ఈ నేషనల్స్ అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో, గ్రేహాక్ గోల్ఫ్ క్లబ్‌లో జరిగాయి. ఎడారి ఊరు, మే నెలాఖరు. ఎండ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, రెంటచింతల గుర్తు తెచ్చుకోండి చాలు.

సరే, ఇప్పుడు మన కుర్రాడి దగ్గరికొద్దాం. సాహిత్ తీగల. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డారు. సాహిత్ పుట్టింది, పెరిగింది కాలిఫోర్నియాలో. చేరింది పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో, మాలిబూలో సముద్రం పక్కన. టెక్సాస్, ఓక్లహోమా లాంటి వాటితో పోలిస్తే చాలా చిన్న కాలేజీ. గోల్ఫ్‌లో అప్పటికి వాళ్ళు నేషనల్ టైటిల్ గెలిచింది ఒక్కసారే, 1997లో.

2018-19 సీజన్ మొత్తం మణికట్టు గాయంతో సాహిత్ ఆడలేకపోయాడు. ఏడాది పాటు టీమ్ ఆడుతుంటే పక్కన ఉండి చూశాడు. తర్వాతి సీజన్‌లో తిరిగొచ్చాడు, ఎలా వచ్చాడంటే ఇక ఆపేవాళ్ళు లేరు. 2020 మార్చి మొదట్లో లాస్ వేగాస్‌లో సదరన్ హైలాండ్స్ టోర్నమెంట్ పెప్పర్‌డైన్ గెలిచింది. దేశంలో నంబర్ వన్ టీమ్. ఇక మిగిలింది కాన్ఫరెన్స్, రీజనల్స్, నేషనల్స్.

2020 మార్చి 12. కోవిడ్. మిగిలిన ఛాంపియన్‌షిప్‌లన్నీ రద్దు చేస్తున్నట్టు ఎన్‌సీఏఏ ప్రకటించింది. అంతే, అయిపోయింది. నంబర్ వన్ ర్యాంకుతో ఇంటికెళ్ళారు. ట్రోఫీ లేదు, ఓటమి కూడా లేదు. ఓడిపోతే కనీసం ఎందుకు ఓడామో తెలుస్తుంది కదండీ!

ఆ ఏడాది సాహిత్‌కి కాలేజ్ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులు మూడూ వచ్చాయి: హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్. ఒకే ఏడాది మూడూ రావడం చాలా అరుదు. కానీ అవన్నీ వ్యక్తిగత అవార్డులు. టీమ్‌తో కలిసి ఎత్తాల్సిన కప్పు రాలేదు.

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. సీజన్ పోయింది కాబట్టి ఆఖరి సంవత్సరం వాళ్ళకి ఇంకో ఏడాది ఆడే అవకాశం ఎన్‌సీఏఏ ఇచ్చింది. సాహిత్ ఉండిపోవచ్చు. ఫ్రెండ్స్‌తో కలిసి ఆ టైటిల్ కోసం ఇంకోసారి ప్రయత్నించొచ్చు. లేదా ప్రొఫెషనల్ అవ్వొచ్చు. మీరైతే ఏం చేసేవారు? ఒకసారి వీడియో పాజ్ చేసి ఆలోచించండి. చేతిలో డిగ్రీ, ముందు కెరీర్, వెనక సగంలో ఆగిపోయిన కల. సాహిత్ ప్రొఫెషనల్ అయ్యాడు. తప్పు అనలేం.

మరి టీమ్ సంగతి? స్టార్ వెళ్ళిపోయాడు. ఇందాక చెప్పా కదా, ఇది ఒక్క స్టార్ మీద నడిచే ఆట కాదని. 2021లో అదే కోచ్, మైకేల్ బియర్డ్. రీజనల్ దాటారు, గ్రేహాక్ చేరారు, 30లో 15, 15లో 8 అయ్యారు. మ్యాచ్ ప్లేలో ఒక్కో టీమ్‌నీ దాటుకుంటూ ఫైనల్‌కి వచ్చారు. ఎదురుగా ఓక్లహోమా, అన్ని వసతులూ ఉన్న పెద్ద ప్రోగ్రాం. జూన్ 2న పెప్పర్‌డైన్ 3-2తో గెలిచింది. 1997 తర్వాత 24 ఏళ్ళకి రెండో టైటిల్. ఐదు మ్యాచుల్లో రెండు ఓడినా కప్పు వచ్చింది. ఆ రోజు ఓడిన ఇద్దరికీ కప్పులో వాటా ఉంది, ఎందుకంటే వాళ్ళు లేకుండా ఫైనల్ దాకా వచ్చేవాళ్ళే కాదు.

ఇదే 2021లో ఇంకో సంఘటన జరిగింది, అది కూడా చెప్పాలి. ఆడపిల్లల రీజనల్, లూసియానాలోని బాటన్ రూజ్. 18 టీములు వచ్చాయి, టాప్ ఆరు నేషనల్స్‌కి వెళ్తాయి. కానీ వర్షం. మొదటి రోజు ఆట లేదు, రెండో రోజూ లేదు. మూడో రోజు పొద్దున అధికారి ఒకరు బయటికొచ్చి చెప్పారు: కోర్సు మీద ఆడొచ్చు గానీ ఛాంపియన్‌షిప్ స్థాయిలో ఆడించలేం అని. ఒక్క షాట్ కూడా కొట్టకుండానే రీజనల్ క్యాన్సిల్. సీడింగ్‌లో పైన ఉన్న ఆరు టీములు ముందుకి, మిగిలిన 12 ఇంటికి. ఆ ప్రకటన వీడియో వైరల్ అయింది. అమ్మాయిలు అక్కడే నిలబడి ఏడ్చారు, కొందరు గట్టిగా అడిగేశారు. ఏడాదంతా పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేసి వస్తే, కనీసం ఓడిపోయే ఛాన్స్ కూడా ఇవ్వలేదు.

ఇంకా వినండి. అలా ఆడకుండానే ముందుకెళ్ళిన ఆరు టీముల్లో ఒకటి ఓల్ మిస్, అంటే యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపి. రెండు వారాల్లో వాళ్ళు గ్రేహాక్‌లో ఫైనల్‌కి వెళ్ళి, ఓక్లహోమా స్టేట్‌ని 4-1తో ఓడించి నేషనల్ ఛాంపియన్లు అయ్యారు! ఆ యూనివర్సిటీలో ఒక మహిళల టీమ్‌కి వచ్చిన మొదటి ఎన్‌సీఏఏ టైటిల్ అది. వాళ్ళని లక్కీ అనేద్దామా? నేనైతే అనను. వాళ్ళకి ఆ సీడ్ ఎవరూ ఊరికే ఇవ్వలేదు. సెప్టెంబర్లో, అక్టోబర్లో ఎవరూ చూడని టోర్నమెంట్లలో కొట్టిన షాట్లతో వచ్చింది. అలాగని ఇంటికెళ్ళిన 12 టీముల బాధ తక్కువా? అస్సలు కాదు. ఇంకో రోజు ఆగి 18 హోల్స్ అయినా ఆడించాల్సింది అనేదే నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముగిస్తా. అదే 2021లో స్టాన్‌ఫర్డ్ ఫస్ట్ ఇయర్ అమ్మాయి రేచల్ హెక్. కాన్ఫరెన్స్ గెలిచింది, రీజనల్ గెలిచింది, నేషనల్ వ్యక్తిగత టైటిల్ కూడా గెలిచింది. మూడు మెట్లలో మూడూ! కానీ టీమ్ కప్పు స్టాన్‌ఫర్డ్‌కి రాలేదు. తర్వాతి ఏడాది, 2022లో, ఫైనల్లో ఓరెగాన్‌ని 3-2తో ఓడించి టీమ్ కప్పు కొట్టారు. ఒక అమ్మాయి ఎంత గొప్పగా ఆడినా మ్యాచ్ ప్లేలో ఆమె తెచ్చేది ఒక్క పాయింటే. మిగతా రెండూ పక్కవాళ్ళు తేవాలి.

ఈ ఆట నాకు నచ్చింది అందుకే. నీ షాట్ నువ్వే కొట్టాలి, ఎవరూ పాస్ ఇవ్వరు. కానీ పక్క ఫెయిర్‌వేలో నలుగురు నీలాగే చెమటలు కక్కుతూ నడుస్తున్నారని తెలుసు. నీ 81ని వాళ్ళు మోస్తారు, రేపు వాళ్ళ 80ని నువ్వు మోయాలి.

సాహిత్ తర్వాత ఏమయ్యాడంటారా? 2023 సెప్టెంబర్లో కాలిఫోర్నియాలోనే ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అతని మొదటి టైటిల్. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌కి అమెరికా టీమ్‌లో చోటు దొరికింది. అది టీమ్ పోటీ, అది కూడా మ్యాచ్ ప్లే. కెనడాలోని రాయల్ మాంట్రియల్‌లో అమెరికా గెలిచింది. 2020లో కాలేజ్ టీమ్‌తో దక్కనిది నాలుగేళ్ళ తర్వాత దేశం టీమ్‌తో దక్కింది. అదీ ఇదీ ఒకటే అని నేననను. పెప్పర్‌డైన్ 2021 కప్పు గెలిచిన టీమ్‌లో అతని పేరు ఉండదు. ఆ టీమ్‌ని నంబర్ వన్ దాకా తీసుకెళ్ళినవాళ్ళలో మాత్రం ఉంటుంది.

ప్రతి ఏడాదీ మే నెలలో ఈ పోస్ట్‌సీజన్ జరుగుతుంది. ఈసారి ఊరికే ఒక టీమ్‌ని ఎంచుకోండి. పెద్ద పేరున్నదే అక్కర్లేదు. రీజనల్స్ నుంచి లైవ్ స్కోర్లు ఫోన్‌లో ఫాలో అవ్వండి. ఒక చిన్న టిప్: మొదటి పేరు చూడకండి, నాలుగో పేరు, ఐదో పేరు చూడండి. టీమ్ నిలబడుతుందా పడిపోతుందా అనేది అక్కడే తెలుస్తుంది.

మరి సాహిత్ ప్లేస్‌లో మీరుంటే ఆ ఎక్స్‌ట్రా ఇయర్ ఉండేవారా, వెళ్ళిపోయేవారా? కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతా. ఎపిసోడ్ నచ్చితే ఒక ఫ్రెండ్‌కి పంపండి, ముఖ్యంగా టీమ్‌లో ఐదోవాడిగా ఉన్న ఫ్రెండ్‌కి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.