మన ఇళ్ళ కింది పొలాలు



పొద్దున్నే నేల మీద కాలు పెట్టే ముందు భూదేవిని క్షమించమని అడగడం మన పెద్దలు నేర్పిన అలవాటు. ఇల్లు కట్టే ముందు భూమిపూజ చేస్తాం. అయితే ఇక్కడ మనం కొనుక్కున్న ఇళ్ళ చోట నిన్నమొన్నటి దాకా ఏ పంట పండేదో మనలో ఎంతమందికి తెలుసు?

మిల్టన్‌నే తీసుకుందాం. 2001 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 31,471 మంది. 2021 నాటికి 1,32,979 మంది. అంటే ఇరవై ఏళ్ళలో నాలుగు రెట్లు దాటింది. అంతకుముందు ఊరు పెరగకపోవడానికి ముఖ్య కారణం నీళ్ళు. బావినీటి మీద ఆధారపడ్డ ఊరికి ఒంటారియో సరస్సు నుంచి పెద్ద పైపు వేశాక, పొలాల్లో వీధులు పడ్డాయి.

అలా పెరిగిన ఊళ్ళలో మన కుటుంబాలూ ఉన్నాయి. పిల్లలకు ఒక గది, అమ్మానాన్నలు వస్తే ఉండడానికి ఒక గది కావాలనుకోవడం అత్యాశ కాదు. కానీ కెనడాలోని మొదటి శ్రేణి సాగునేలలో సుమారు సగం ఒంటారియోలోనే ఉంది. దాని మీద తారు, కాంక్రీటు పడితే మళ్ళీ పొలం కావడం కల్ల.

బుల్డోజరు వచ్చాకే మనకు తెలుస్తుంది. దానికి ఏళ్ళ ముందే టౌన్ ప్లానులో ఊరి హద్దు గీత జరిగిపోయి ఉంటుంది. మాట్లాడవలసింది అప్పుడే.

మాట్లాడితే ఫలితం ఉంటుందా? 2021లో హ్యామిల్టన్ నగరం హద్దు పెంచాలా వద్దా అని ఇంటింటికీ ప్రశ్నపత్రం పంపింది. 18,000 మందికి పైగా జవాబిచ్చారు. పదిమందిలో తొమ్మిదిమంది వద్దన్నారు. కౌన్సిల్ కూడా వద్దనే తీర్మానించింది. 2022లో ప్రావిన్స్ ప్రభుత్వం దాన్ని కాదని హద్దు పెంచింది. అదే ఏడాది గ్రీన్‌బెల్ట్ నుంచి 7,400 ఎకరాలు తీసింది. ప్రజలు ఊరుకోలేదు. ఆడిటర్ జనరల్ నివేదిక కూడా గ్రీన్‌బెల్ట్ వ్యవహారాన్ని తప్పుపట్టింది. 2023లో ప్రభుత్వం రెండింటినీ వెనక్కి తీసుకుంది.

ఓటు వేయాలంటే పౌరసత్వం ఉండాలి. ప్లానింగ్ బహిరంగ సభలో మాట్లాడడానికి అది అక్కర్లేదు. పీఆర్ మీద ఉన్నవాళ్ళూ వెళ్ళొచ్చు, ఉత్తరం రాయొచ్చు. ఇళ్ళు వద్దని మనం అనం. ముందు ఊరి లోపలి ఖాళీ స్థలాల్లో, బస్సులు తిరిగే దారుల పక్కన కట్టమని అడుగుదాం.

ఈసారి టౌన్ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకుండా చదువుదాం. ఆదివారం ప్రసాదం దగ్గర దాని గురించి మాట్లాడుకుందాం. సభ రోజున నలుగురం కలిసి వెళదాం.