ఎందుకా జంతువే?

అధ్యక్షుడు మొదట క్లుప్తంగా మాట్లాడతానని చెప్పి, చివర్లో భోజనాల వేళ దాటేదాకా మాట్లాడటం మన సభల ఆనవాయితీ. నా మాట ఇప్పుడే పూర్తిచేసి కూర్చుంటాను.

చాలా ఏళ్లుగా నేను జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీలో ఉంటున్నాను. సమావేశానికి రెండు మూడు రోజుల ముందు దరఖాస్తుల కట్ట ఇంటికొస్తుంది. ఎన్ని ఎలుకలు, ఎంత మోతాదు, చివరికి వాటినేం చేస్తారు అన్న గడులన్నీ పద్ధతిగా నింపి ఉంటాయి. ఒక్క గడి దగ్గర మాత్రం కలం మొరాయిస్తుంది. ఈ జంతువునే ఎందుకు ఎంచుకున్నారు? చాలామంది జవాబు ఒకటే. మా యానిమల్ హౌస్‌లో దొరుకుతుంది, చౌక, పట్టుకోవడం తేలిక. ఇంకొందరు కిందటి బ్యాచి వాళ్ల దరఖాస్తు దించేస్తారు. ఒకసారి కుందేళ్లు కావాలన్న దరఖాస్తులో, ఎలుక ఎంత అనువైనదో వివరించే పేరా యథాతథంగా దిగబడింది. నవ్వుకున్నాం. నవ్వాక కొంచెం సిగ్గేసింది కూడా, ఎందుకంటే ఆ కట్టను అంతకుముందు ఇద్దరు సభ్యులు చదివి సంతకం పెట్టారు. అందులో నేనొకణ్ణి.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఒక్క గడి గురించే.

నా ఎం.ఫార్మసీ థీసిస్ పొడపత్రి ఆకు మీద. నమిలితే కాసేపు నాలుకకి తీపి తెలియకుండా చేసే ఆకు అది. షుగరుకు పనిచేస్తుందని మా ఊళ్లో అందరూ అనేవారు. దాన్ని పరీక్షించడానికి మా గైడు గారు స్ట్రెప్టోజోటోసిన్ ఎలుక చాలన్నారు. ఆ మందుపొడిని ఐసులో పెట్టిన సిట్రేట్ బఫర్‌లో కలిపి వెంటనే ఎక్కించెయ్యాలి, ఆలస్యమైతే పాడైపోతుంది. రాత్రంతా పస్తుంచిన ఎలుకను మెడ వెనక పట్టుకుని, పొట్టలోకి సూది. దెబ్బతిన్న కణాల్లోంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటికొచ్చి ఎలుక సొమ్మసిల్లి చచ్చిపోకుండా ఆ రాత్రి సీసాలో గ్లూకోజు నీళ్లు పెడతాం. మూడో రోజు తోక కొస గిల్లి ఒక చుక్క గ్లూకోమీటరు పట్టీ మీద వేస్తే, అంకె 250 దాటి ఉంటుంది. పంజరంలో పరిచిన వరి ఊక పూటకొకసారి మార్చినా తడిసి ముద్దవుతుంది, అంతగా మూత్రం పోస్తుంది పాపం. ఇక నోటిగుండా ఆకు రసం మొదలు.

అంకె తగ్గింది. నాకు డిగ్రీ వచ్చింది.

మా నాన్నగారికి షుగరు మూడు రోజుల్లో రాలేదు. యాభై దాటాక, బొజ్జ పెరిగాక, నడక తగ్గాక మెల్లగా వచ్చింది. ఆయన ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంది, ఒళ్లే దాని మాట వినడం మానేసింది. నా ఎలుకలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే నేను చంపేశాను. ఆ ఎలుకకూ మా నాన్నకూ కలిసింది గ్లూకోమీటరులో అంకె ఒక్కటే. ఈ సంగతి థీసిస్ బైండింగు చేయించిన నాలుగేళ్లకు గానీ నాకు తట్టలేదు. మన రెండు రాష్ట్రాల ఫార్మసీ కాలేజీల బీరువాల్లో ఇలా ‘తగ్గించిన’ నేరేడు గింజలు, తిప్పతీగలు, మెంతులు ఎన్నున్నాయో! ఆకులకు గుణం లేదని నేననడం లేదు. మనం వాటిని అడిగిన ప్రశ్నే వేరు, రోగి అడిగేది వేరు.

తమాషా ఏమిటంటే మా నాన్నకు కాస్త దగ్గరి చుట్టం లాంటి ఎలుక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే ఉంది. ఆ సంస్థ కూనూరు నుంచి హైదరాబాదు వచ్చింది 1958లో. వాళ్ల దగ్గర దశాబ్దాలుగా పెరుగుతున్న విస్టార్ ఎలుకల సంతతిలో 1990లలో ఒకటి ఎవరూ ఏమీ చెయ్యకుండానే విపరీతంగా లావెక్కింది. అక్కడివాళ్లు దాన్ని పారెయ్యకుండా పిల్లల్ని పెట్టించి, డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./ఓబి అని పేరు పెట్టి నిలబెట్టారు. ఊబకాయం, రక్తంలో ఎక్కువ ఇన్సులిన్, ఎక్కువ కొవ్వు, అన్నీ దానికి పుట్టుకతో వచ్చినవే. అదీ మనిషి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ గడిలో దాని పేరు రాసేవాడు పక్కన ఒక కారణం రాయగలడు.

కారణం రాయగలగడమంటే ఏమిటో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల చూపించింది. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకు సారథ్యం వహించిన రోజుల్లో అక్కడి బృందం బోదకాలుకు మందు వెతికింది. చిక్కేమిటంటే మనిషికి బోదకాలు తెచ్చే పురుగు ఎలుకలో బతకదు. మామూలు తెల్ల ఎలుకతో సరిపెట్టుకోకుండా వాళ్లు కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకను పట్టుకున్నారు. అది అమెరికా పొలాల్లో తిరిగేది, చేతికి లొంగనిది, కరిచేది. అయినా అదే ఎందుకంటే, మన ఫైలేరియా పురుగుకు దాయాది లాంటిదొకటి దాని ఒంట్లో సహజంగా కాపురముంటుంది. ఆ ఎలుకల్లోనూ, గుండెపురుగు పట్టిన కుక్కల్లోనూ చూసి 1947లో వాళ్లు లోకానికిచ్చిన మందే హెట్రజాన్, అంటే డి.ఇ.సి. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర ఆ ఎలుక దయే.

జంతువు సరైనదైనా మోసపోవచ్చు. 2006 మార్చిలో లండన్‌లో టి.జి.ఎన్.1412 అనే మందును మొదటిసారి మనుషులకెక్కించారు. కోతులు తట్టుకున్న మోతాదులో అయిదు వందలో వంతు మాత్రమే. ఆ మందు తగులుకునే గ్రాహకం కోతిలోనూ మనిషిలోనూ ఒకేలా ఉంటుంది కనుక కోతిని ఎంచుకోవడంలో తప్పులేదనిపించింది. పది నిమిషాలకొకరి చొప్పున ఆరుగురు యువకులకు ఎక్కించారు. గంటన్నర తిరగకుండా తలనొప్పి, వణుకు, తర్వాత ఒకదాని వెంట ఒకటిగా అవయవాలు మొరాయించడం. ఆరుగురూ బతికారు, ఒకరికి కాలివేళ్లు పోయాయి. గ్రాహకం ఒకటే అయినా, అది ఏ కణాల మీద ఉందన్నదాంట్లో తేడా ఉందని తర్వాత తేలింది. మనిషిలో ఒక రకం టి-కణాల మీద అది ఉంటుంది, ఆ కోతుల్లో ఉండదు. నాకు ఇందులో కోతి కంటే ఆ పది నిమిషాలే ఎక్కువ బాధ కలిగిస్తాయి. మొదటి మనిషికి ఏమవుతుందో చూడ్డానికి ఒక పూట ఆగి ఉంటే?

గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్‌ మందును కూడా జంతు పరీక్షల వైఫల్యమంటారు. అది సగమే నిజం. అమ్మకానికి పెట్టేముందు దాన్ని కడుపుతో ఉన్న జంతువుల్లో చూడనేలేదు.

ఇక కొత్త గాలి. 2022 డిసెంబరులో అమెరికా, 2023 మార్చిలో మన దేశం కొత్త మందుల పరీక్షల నిబంధనలు సవరించి మానవ కణాలు, ఆర్గాన్-ఆన్-చిప్‌ల వంటి వాటికి తలుపు తీశాయి. సంతోషమే. ఎలుకల మెడలు పట్టుకున్నవాణ్ణి, నాకంటే సంతోషించేవారు ఉండరు. అయితే కుర్రవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. 1932లో జర్మనీలో డొమాక్ అనే శాస్త్రవేత్త ప్రోంటోసిల్ అనే ఎర్ర రంగును పరీక్షించాడు. గాజు గొట్టంలో అది ఒక్క సూక్ష్మజీవినీ చంపలేదు. చిట్టెలుకలకు ఇస్తే ప్రాణాలు నిలిపింది. ఒంట్లోకి వెళ్లాక రంగు విరిగి అందులోంచి సల్ఫనిలమైడ్ బయటపడుతుందని పారిస్‌లో పాశ్చర్ సంస్థవాళ్లు తర్వాత కనిపెట్టారు. గొట్టాన్ని మాత్రమే నమ్ముకుని ఉంటే సల్ఫా మందులు మరికొన్నేళ్లు ఆలస్యమయ్యేవి. కాలేయం ముక్క ఉన్న చిప్పు అయితే ఆ రంగును విరిచేదేమో. అందుకే చిప్పుతో వచ్చే దరఖాస్తులోనూ నేను ఆ గడే వెతుకుతాను.

మొదటి పత్రం చదవబోయే అమ్మాయి ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె తన పత్రంలో ఫలితాలకు రెండు పేజీలు కేటాయించి, ఎలుక ఎంపికకు మూడు పేజీలు రాసింది. ఫలితాలు ఆమె అనుకున్నట్టు రాలేదు, అదీ దాచకుండా రాసింది. రామ్మా, మైకు కాస్త కిందికి దించుకో.